గొడుగు సాక్ష్యం

ఇరవై ఏళ్లుగా ఏనీకి అన్నం పెట్టింది వాళ్లమ్మ నోరే. ఆ సంగతి అమ్మకి తెలియదు, తెలియకూడదు కూడా.

ఏనీ లండన్లో పుట్టి పెరిగిన హాస్యనటి. చిన్న చిన్న తమాషా ఘట్టాలు తనే రాసుకుని తనే ఆడుతుంది. వాటిని స్కెచ్‌లంటారు. కాలేజీలో స్నేహితులతో మొదలుపెట్టి, ఎడిన్‌బరోలో పబ్బుల పైగదుల్లో పట్టుమని పదిమంది లేని సభలకి ఆడి, అక్కణ్ణుంచి రేడియోకీ, రేడియో నుంచి టీవీకీ ఎక్కింది. ఎక్కించింది తను కట్టే గ్రేస్ ఆంటీ వేషం. తెల్లచీర, భుజాన సంచి, మూసిన కళ్లు, పైకెత్తిన చెయ్యి. ఇంటి ప్రార్థన కూటంలో సాక్ష్యం, అంటే దేవుడు తనకి చేసిన మేలు, చెబుతానని లేస్తుంది. బస్సెక్కానంటుంది. గొడుగు మర్చిపోయానంటుంది. అక్కణ్ణుంచి గొడుగు అమ్మిన కొట్టువాడు, వాడి తమ్ముడి పెళ్లి, ఆ పెళ్లిలో చేపల పులుసు, అందులో ఉప్పు. ఎంతసేపు చెప్పినా మేలు దగ్గరికి మాత్రం రాదు. జనం ఆకలికి నకనకలాడుతుంటారు. చివరికి ఎవరో దీపాలార్పేస్తారు. ఆ జోకుతోనే ఏనీ లండన్లో ఫ్లాటు కొనుక్కుంది.

గ్రేస్ ఆంటీ అంటే వేరే ఎవరో కాదు, వాళ్లమ్మ మార్తమ్మే. లండన్ ఈస్ట్ హామ్‌లో వాళ్లింట్లో కూటం జరిగినప్పుడల్లా మార్తమ్మ ఆ గొడుగు కథ ఎత్తుకునేది. కథ గొడుగు దగ్గరికి రాగానే "పిల్లలూ, పైకి పొండి" అనేది. పైకెళ్లిన ఏనీ తువ్వాలు పైటేసుకుని మిగతా కథ కల్పించి చెప్పేది. పిల్లలు పడీపడీ నవ్వేవాళ్లు. మెట్ల మీంచి తొంగిచూస్తే కింద అమ్మ కళ్లు మూసుకుని చెయ్యెత్తి నిలబడి ఉండేది. ఆ భంగిమ కూడా ఏనీ వదల్లేదు.

టీవీ రోజులు అయిపోయాయి. ఇప్పుడు ఏనీ కుర్రకారు నటులకి జోకులు రాసిపెడుతుంది. ఎక్కడైనా హాస్యోత్సవానికి పిలిస్తే మాత్రం, గ్రేస్ ఆంటీనే రమ్మంటారు. ఈసారి పిలిచింది కెనడాలోని హాలిఫాక్స్. ప్రపంచంలో ఇన్ని ఊళ్లుండగా, తమ్ముడు ఆండ్రూ ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తూ, అమ్మని దగ్గర పెట్టుకున్న ఊరే దొరికింది.

"అమ్మకి నా షో సంగతి చెప్పొద్దు. చచ్చినా చెప్పొద్దు" అంది ఏనీ ఫోన్లో. ఆండ్రూ ఒట్టేశాడు, చెప్పలేదు కూడా. కానీ మార్తమ్మ రేవు దాటించే ఫెర్రీ పడవల స్టేషన్లో పోస్టరు చూసింది. తెల్లచీరలో తన కూతురు, కళ్లు మూసుకుని, చెయ్యెత్తి! నరసాపురం గోడల మీద సువార్త సభల పోస్టర్లు చూస్తూ పెరిగిన మనిషికి అంతకంటే వివరం ఎందుకు? ఆదివారం తమ తెలుగు చర్చి సంఘంలో లేచి, "మా ఏనీ మారింది. శనివారం సాక్ష్యం చెప్పబోతోంది. అందరూ రావాలండి" అని ప్రకటించేసింది.

శనివారం మధ్యాహ్నం ఏనీ తెర సందులోంచి చూసింది. ముందు రెండు వరసలూ సంఘమే. కోట్ల కింద పట్టుచీరలు, ఒళ్లో బైబిళ్లు, నడిమధ్య అమ్మ. సంఘపెద్ద సంతోషంగారైతే టిక్కెట్లు చూసే అమ్మాయిని పట్టుకుని, ఆరంభ ప్రార్థన తానే చేస్తానని ఒకటే పట్టు. అదీ ఆటలో భాగమేననుకుని ఆ పిల్ల ఒకటే నవ్వు.

పారిపోవడానికి దారి లేదు. ఆడటానికి వేరే సరుకూ లేదు. ఏనీ వేదిక మీదికొచ్చి "ప్రైజ్ ది లార్డ్" అంది. ముందు రెండు వరసలూ ఒక్క గొంతుతో "ప్రైజ్ ది లార్డ్" అన్నాయి. వెనకున్న తెల్లవాళ్లు ఘొల్లుమన్నారు. బస్సు అంటే స్తోత్రం, వాన అంటే హల్లెలూయా. ప్రతి స్తోత్రానికీ వెనక నవ్వుల జల్లు. ఆ స్కెచ్ జన్మలో అంత బాగా పేలలేదు. ఏనీ మాత్రం అమ్మ ముఖమే చూస్తోంది. వెలిగిపోతున్న ఆ ముఖం, గొడుగు మాట వినగానే ఆరిపోయింది. అయిపోయింది, తెలిసిపోయింది అనుకుంది ఏనీ.

కొట్టువాడి తమ్ముడి పెళ్లి దగ్గర మార్తమ్మ లేచి నిలబడింది.

"ఆగవే. తప్పు చెప్తున్నావు. పెళ్లెవరిది, పులుసెక్కడిది? మేలేదీ? సగం సాక్ష్యం చెప్పకూడదు. మర్చిపోతే కూర్చో, నేను చెప్తా."

సంఘంలో అదే ఆనవాయితీ. సాక్ష్యంలో తడబడితే తెలిసినవాళ్లు లేచి అందుకుంటారు. మార్తమ్మ జనం వైపు తిరిగి, ఏనీ ఇంతసేపూ అనుకరించిన ఆ తెలుగు యాస ఇంగ్లీషులోనే మొదలుపెట్టింది.

"నాకో పిల్ల. నాలుగేళ్లొచ్చినా మాట రాలేదు. డాక్టరు దగ్గరికని బస్సెక్కాను. వాన. గొడుగు కొట్లో మర్చిపోయాను. తడిసిపోయి, పిల్లని ఒళ్లో పెట్టుకుని, ఏడుస్తూ కూర్చున్నాను. బస్సు కదిలేముందు కండక్టరు అరవాలి, ఇంకా నోరు తెరవలేదు. నా ఒళ్లోంచి వచ్చిందండీ కండక్టరు గొంతు! 'హోల్డ్ టైట్, ప్లీజ్!' అమ్మ అనలేదు, నాన్న అనలేదు. మొట్టమొదటి మాట అదే. బస్సంతా గట్టిగా పట్టుకుంది. డ్రైవరు బండి కదిపేశాడు. కండక్టరు ఇంకా రోడ్డు మీదే ఉన్నాడు!"

హాలు దద్దరిల్లింది. మార్తమ్మ నవ్వులు తగ్గేదాకా ఆగింది, అలా ఆగడం ఎవరు నేర్పారో గానీ.

"ఆ పిల్ల ఇదే" అని చెప్పి కూర్చుంది.

ఏనీకి తర్వాతి మాట చేపల పులుసు గురించి. అది వదిలేసి చేతులు జోడించి "వందనాలు" అంది. సాక్ష్యం ముగించినవాళ్లు అనే మాట అది. గ్రేస్ ఆంటీ ఇన్నేళ్లలో ఒక్కసారీ అనలేదు, ముగిస్తేగా! రెండు వరసలూ "వందనాలండీ" అన్నాయి.

ఆండ్రూ ఇంటికని, రేవు అవతల డార్ట్‌మత్ వెళ్లే ఫెర్రీలో తల్లీకూతుళ్లు పక్కపక్కన కూర్చున్నారు.

"ఇన్నేళ్లూ నన్నేనా చేసింది?" అంది మార్తమ్మ.

"నిన్నే. టీవీలో కూడా. సారీ, అమ్మా." తెలుగు వదిలి, తన లండన్ ఇంగ్లీషులో అడిగింది ఏనీ. "నాకు మాట రాలేదని ఎప్పుడూ ఎందుకు చెప్పలేదు?"

"మూగపిల్ల అనేవాళ్లే నిన్ను. ఆ మాట నీ చెవిన పడకూడదని పైకి పంపేదాన్ని."

"పైకెళ్లి నేను నిన్ను వెక్కిరించేదాన్ని."

"తెలుసు. కిందికి వినపడేదిగా."

"తెలిసీ ఊరుకున్నావా?"

"ఊరుకోక! అదే కదే నా సాక్ష్యానికి రుజువు. బస్సు కథ అవగానే, ఇదిగో ఆ మూగపిల్ల, వినండి అని పైకి చెయ్యి చూపించేదాన్ని. నీ గొంతు దిగొచ్చేది, అచ్చం నాలాగే. అందరూ స్తోత్రం అనేవాళ్లు. నువ్వేమో నా చెయ్యి దేవుడికని చేస్తున్నావు. దేవుడికి కాదే, అది నీ వైపు."

"మరి కళ్లు మూసుకునేది?"

"సరిగ్గా వినపడాలని" అంది మార్తమ్మ. ఎలాగో చూపించడానికి అక్కడే కళ్లు మూసుకుని, చెయ్యి పైకెత్తి, అలాగే కూర్చుంది.

ఏనీకి ఏడుపు ముంచుకొచ్చింది. మాటలమ్ముకుని బతికిన మనిషికి ఒక్క మాట దొరకలేదు. అమ్మ చెయ్యి దించలేదు. ఫెర్రీ ఒడ్డుకి చేరుతుండగా, ఎప్పుడూ చూసిన గుర్తు లేని ఒక కండక్టరు గొంతుతో ఏనీ అంది.

"హోల్డ్ టైట్, ప్లీజ్!"

ఎదుటి సీట్లో ముసలాయన గబుక్కున కమ్మీ పట్టుకున్నాడు.