వేళ తప్పమన్న నక్షత్రం

నేను ఒక కాంతిమాపకాన్ని. పేరు చూసి బెదరకండి, చేసే పని చిన్నదే. దుర్భిణి పట్టి తెచ్చిన ఒక్క నక్షత్రం వెలుగును రెప్పవేయకుండా చూస్తూ, ఇప్పుడెంత ఉంది, మరుక్షణం ఎంత ఉంది అని చెబుతూ ఉండడం. ఆ పనిలో నా కాలంలో నన్ను మించినది లేదు. ఈ మాట నన్ను పరీక్షించినవాళ్ళే అన్నారు, నేను కాదనలేదు.

హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థ వర్క్‌షాపులో పుట్టాను. నా కిటికీ గాజును నునుపు చేసినవాళ్ళు దాని మీద తమ ఊపిరి కూడా పడనివ్వలేదు. అంత గారాబంగా పెరిగి హైమావతి గారి చేతిలో పడ్డాను. ఆవిడ ఖగోళ శాస్త్రవేత్త. దక్షిణాకాశంలో ఉన్న ఒకానొక నక్షత్రానికి నాడి ఉందని ఆవిడ గట్టి నమ్మకం. నవ్వకండి. నక్షత్రం నిలకడగా వెలిగేది కాదు. లోపల పుట్టే అలలకు దాని ఒళ్ళంతా ఉబ్బుతుంది, తగ్గుతుంది. వెలుగు కూడా పిసరంత పెరిగి తరుగుతుంది. ఆ లయ దొరికిందా, వైద్యుడు మణికట్టు పట్టుకుని చెప్పినట్టు లోపలి సంగతంతా బయటి నుంచే చెప్పేయొచ్చు.

మొదట నన్ను ఒక కొండ మీద పెట్టారు. అక్కడ నాకు వచ్చిన చిక్కల్లా సూర్యుడితోనే. చీకటి ఉన్నంతసేపూ నాడి పట్టుకుని కూర్చుంటాను, లయ చేతికి అందేలోపు తెల్లారిపోతుంది. మళ్ళీ పొద్దు గుంకేలోగా ఎన్నిసార్లు కొట్టుకుందో ఎవరు చెప్పగలరు? అయినా హైమావతి గారికి ఒక సన్నటి నాడి దొరికింది. అది పగటి ఖాళీలు పుట్టించిన భ్రమ అని తోటివాళ్ళు తేల్చేశారు. ఆవిడ వాదనకు దిగలేదు. పగలే లేని చోటికి నన్ను పంపాలని పట్టుబట్టి, పంపేదాకా డైరెక్టరు సోమయాజులు గారిని వదల్లేదు.

అలా ఓడెక్కి మంచుఖండం చేరాను. ధ్రువానికి దగ్గరగా ఒక చిన్న శిబిరం. చలికాలం వచ్చిందంటే సూర్యుడు నెలల తరబడి మొహం చూపించడు. నా నక్షత్రం ఉదయించదు, అస్తమించదు, గానుగెద్దులా ఒకే ఎత్తులో చుట్టూ తిరుగుతూ ఉంటుంది. అంతకంటే నాకు కావలసిందేముంది?

అక్కడ నన్ను చూసుకునే బాధ్యత ఇమ్మానియేలు గారిది. గాజువాక మనిషి. అంతకుముందు ఒక మిల్లులో ఎ, బి, సి షిఫ్టుల్లో మెకానిక్కుగా పనిచేశారు. గాలికి లేచిన మంచుపొడి నా కిటికీ మీద పేరుకునేది, దాన్ని ఎప్పటికప్పుడు బ్రష్షుతో తుడవాలి. శిబిరంలో మిగతావాళ్ళు ఆ ఎడతెగని చీకట్లో ఎప్పుడు పడితే అప్పుడు తిని, ఎప్పుడు పడితే అప్పుడు పడుకునేవారు. ఈయన మాత్రం షిఫ్టు మారే వేళకు బూట్లు బిగించి నా ముందు హాజరు. ఒక్కసారైనా ఆలస్యమైన పాపాన పోలేదు. నాకు ఆయనంటే గౌరవం కలిగింది.

కొన్ని వారాల కొలతలు అందేసరికి హైదరాబాదులో పండగ చేసుకున్నారు. హైమావతి గారి సన్నటి నాడి పక్కనే దానికి పదింతల బలంగా మరో నాడి కనిపించింది. సరిగ్గా అప్పుడే ఒక ఉపగ్రహం ఆకాశానికి వెళ్ళబోతోంది. అది ఏయే నక్షత్రాలను చూడాలో నిర్ణయించే సమావేశం దగ్గరపడింది. ఆ జాబితాలో చోటు దక్కకపోతే ఆవిడ నమ్మకం నిజమో అబద్ధమో ఈ జన్మలో తేలదు.

"ఈ పెద్ద నాడి చూపిస్తే మనల్ని కాదనేవాడు ఉండడమ్మా. ఇంకా ఆలోచన దేనికి?" అన్నారు సోమయాజులు గారు.

"ఇది సరిగ్గా ఎనిమిది గంటలకొకసారి కొట్టుకుంటోంది సార్. నక్షత్రానికి మన గడియారంతో ఏం పని?"

ఆవిడ పెరిగింది కూడా మిల్లు క్వార్టర్స్‌లోనే. రోజుకు మూడుసార్లు సైరను మోగితే వీధి వీధంతా కదలడం చూసిన మనిషి. వెంటనే శిబిరానికి ఫోను చేశారు.

"ఇమ్మానియేలు గారూ, కిటికీ ఎప్పుడెప్పుడు తుడుస్తున్నారు?"

"ఆరింటికి, రెండింటికి, పదింటికి మేడమ్. నిమిషం అటూ ఇటూ అవ్వదు. ఏటి, పనిలో ఏదైనా తేడా వచ్చిందా?"

"పనిలో తేడా లేదండీ. అదే తేడా. మంచు పేరుకుంటుంటే వెలుగు తగ్గుతోంది, మీరు తుడవగానే పెరుగుతోంది. మీ షిఫ్టు మాకు నక్షత్రంలో కనబడుతోంది. ఇకనుంచి కాస్త వేళ తప్పి తుడవండి."

"అది నా వల్ల అవుద్దా మేడమ్?" అన్నారాయన.

నిజంగానే కాలేదు. ఎంత ప్రయత్నించినా ఆ వేళకు కాళ్ళు వాటంతట అవే బూట్లలో దూరేవి. అప్పుడాయన కాలక్షేపానికి తెచ్చుకున్న వైకుంఠపాళి పెట్టె తెరిచి రెండు పాచికలు తీశారు. తుడిచిన ప్రతిసారీ వాటిని వేసి, ఎంత పడితే అన్ని గంటల తర్వాత మళ్ళీ వచ్చేవారు. రెండు పడితే నిద్ర హరీ. పన్నెండు పడితే అన్ని గంటలూ చేతులు నలుపుకుంటూ నా వైపే చూస్తుండేవారు. అంత పద్ధతైన మనిషి పద్ధతి తప్పడానికి పడ్డ అవస్థ చూస్తే నాకే జాలేసింది.

పెద్ద నాడి మాయమైపోయింది. సన్నటిది మాత్రం అలాగే కొట్టుకుంటూ నిలిచింది. హైమావతి గారు దాన్ని ఒక్కదాన్నే పట్టుకుని సమావేశానికి వెళ్ళారు. సోమయాజులు గారు తల పట్టుకున్నారు. అయినా ఎలాగో జాబితాలో చిట్టచివర చోటు దొరికింది.

ఆ తర్వాత నాకు వయసు మీదపడింది. ఇప్పుడు సంస్థ వరండాలో గాజు బీరువాలో ఉంటున్నాను. పక్కన ఆ రెండు పాచికలూ ఉన్నాయి. చూడవచ్చినవాళ్ళు నన్ను వదిలేసి వాటి గురించే అడుగుతారు, అది వేరే బాధ.

ఉపగ్రహం వెళ్ళింది. దానికి పగలు అడ్డు లేదు, గాలి లేదు, మంచు లేదు. మొదటి ఫలితాలు రాగానే కుర్రకారు ఉరుక్కుంటూ వచ్చారు, బ్రహ్మాండమైన నాడి దొరికిందని. హైమావతి గారు వాళ్ళను నా బీరువా ముందే ఆపి, "ఉపగ్రహం భూమి చుట్టూ ఒకసారి తిరగడానికి ఎంతసేపు పడుతుంది?" అన్నారు. వాళ్ళ మొహాలు చిన్నబోయాయి. నాడి కూడా సరిగ్గా అంతే. భూమి మీది వెలుగు ప్రతి చుట్టులోనూ దాని కంట్లో పడుతోంది. ఆకాశానికి ఎక్కినా షిఫ్టు తప్పలేదన్నమాట. నాకు లోలోపల భలే సంతోషం వేసింది.

ఆ వెలుగును లెక్కకట్టి తీసేశాక అడుగున నా సన్నటి నాడి కనిపించింది, నేను చెప్పిన లయలోనే. దాని చుట్టూ నాకు ఎన్నడూ అందనివి ఇంకా ఎన్నో.

హైమావతి గారు అక్కడే నిలబడి గాజువాకకు ఫోను చేశారు.

"మన నాడి నిజమేనండీ, ఇమ్మానియేలు గారూ. మీరు వేళ తప్పబట్టే నిలబడింది."

బీరువా అద్దం పల్చనిది, అవతలి మాట నాకు స్పష్టంగా వినబడింది.

"సర్వీసంతా వేళకి వచ్చాను మేడమ్. వేళ తప్పినందుకు మెచ్చుకున్నది మీరొక్కరే."