సగంల ఆపిన మాట

మా తండా కమలాబాయిని దవాఖాన నుంచి ఇంటికి పంపే పొద్దు నేను ఆడనే ఉన్న. ఆడోళ్ల వార్డుల మా ఇంటామె పక్క మంచం మీద జరంతోని పడి ఉండె. కాబట్టి ఇది చూసిన సంగతి, విన్న సంగతి కాదు.

విజయ సిస్టర్ కమలాబాయి పక్కన కూసున్నది. ఆమెది కూడ తండానే, కురవి అవతల. దవాఖానల ప్రైవేటు ఏజెన్సీ కింద కాంట్రాక్టు నర్సు. మా తండా ఆడోళ్లను 'యాడీ' అని, అమ్మా అని మా లంబాడి భాషల పిలిచేది ఆ వార్డు మొత్తంల ఆమె ఒక్కతే.

"యాడీ, షుగర్ సూది పొద్దుగాల తిండికి ముందు ఏసుకోవాలె. ఇగో, కడుపు మీద తోలు గిట్ల పట్టుకొని. ఇంతకూ నువ్వు పొద్దుగాల ఎప్పుడు తింటవ్? పనికి పోయే ముందా..."

"విజయా! ఏం ముచ్చట్లు పెట్టినవ్?"

ఏజెన్సీ సూపర్‌వైజర్ శ్రీధర్. చేతుల ఫోను, కాళ్లకు తళతళ బూట్లు.

"బయట వరండాల పేషెంట్లు పండుకున్నరు. మంచం ఖాళీ చేపియ్యి. సూది ముందు, తిండి వెనుక. చెప్పినవా? అయిపాయె. దానికి హరికథ ఎందుకు?"

"సార్, ఇంకొక్క మాట..."

"ఒక్క మాట, ఒక్క మాట అనుకుంటనే పొద్దు గుంకిస్తున్నవ్. ఇంత పెద్ద వార్డుకు ఉన్నదే ఇద్దరు. ముచ్చట చెప్పనీకి పెట్టుకోలే నిన్ను."

విజయ లేచి నిలబడ్డది. కమలాబాయి ఆమె చెయ్యి పట్టుకున్నది. "అంతేనా బిడ్డా?"

విజయ శ్రీధర్ దిక్కు చూసింది. తల వంచుకున్నది. "అంతే యాడీ."

అంతే కాదని ఆమె మొఖమే చెప్పింది. కని మొఖం చదువుకొని సూది ఏసుకునుడు ఎవలకొస్తది?

అప్పటికే మిర్చి ఏరుడు మొదలైంది. మా ఆడోళ్లు చీకటి ఉండంగనే లేస్తరు. ట్రాలీ ఆటో తండా మూలకు వచ్చి హారన్ కొడుతది. ఎక్కనోళ్లకు ఆ రోజు పని లేదు. ఇంట్ల తిని పోవుడన్నది మాకు లేనే లేదు. అన్నం మూట గట్టుకొని, చాయ్ సీసల పోసుకొని చేన్లకు పోతరు. మంచు ఆరి, పొద్దు బారెడు పైకొచ్చి, పట్టిన సాలు ఒడిసినంకనే మూట ఇప్పుతరు. మా తాతల నాటి సంది అంతే.

కమలాబాయి చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. సూది మందు సల్లగ ఉండాలన్నరని కొత్త కుండల తడిబట్ట ఏసి దాచింది. దాన్ని చేనుకు మోసుకపోరాదు. అందుకే చీకట్ల లేచి, సూది ఏసుకొని, ఆటో ఎక్కింది. తినేది చేన్ల. తిండికి ముందే కదా. తప్పేమున్నది?

పొద్దు పొడిసినంక ఆమె చేతులు వణికినయి. చలికి అందరు కొంగులు కప్పుకుంటే ఆమెకు చెమటలు కారినయి. పక్క సాలుల జమ్లి ఉన్నది. ఆడోళ్లను కూడేసి పనికి తోల్కపోయేది ఆమెనే.

"జమ్లీ, గింత చాయ్ పొయ్యే. కండ్లు తిరుగుతున్నయ్."

జమ్లి సీస తీసింది. మూత ఇప్పింది. మల్ల బిగిచ్చింది.

"తీపి చాయ్ అక్కా. నీకు షుగరాయె. విషం పోసినట్టే అయితది."

అందరు ఔనన్నరు. మొఖం మీద నీళ్లు జల్లిన్రు. చెట్టు నీడకు మోసుకపోయిన్రు. కమలాబాయి మల్లొకసారి చాయ్ అడిగింది. ఆ తర్వాత మాట ముద్దముద్ద అయింది. ఆ తర్వాత అడుగుడు బంద్ చేసింది. ఆసామి పెట్టిన మేస్త్రీ దూరం నుంచి చూసి, "గాలి సోకింది, గుడికాడికి తీస్కపోన్రి" అన్నడు. ఆటో దొరికి దవాఖానకు వచ్చేసరికి ఆమె కట్టె లెక్క బిగుసుకపోయింది.

పాణం దక్కింది. మనిషి దక్కలే. కండ్లు తెరిచి ఉంటయి, పెనిమిటి జాల్యా పిలిస్తే పలుకయి. ఆయన ఎవలో, కొడుకు రమేశ్ ఎవలో ఎరుక లేదు.

"రక్తంల చక్కెర పడిపోయింది" అన్నడు డాక్టరు. "అప్పుడే ఆ తీపి చాయ్ తాగిపిస్తే లేచి కూసునేది."

జమ్లి గోడకు తలకాయ కొట్టుకున్నది. మేము పట్టుకున్నం. అంతకుమించి ఏం చెయ్యనీకి వచ్చింది మాకు?

దీన్ని తలరాత అన్నోళ్లున్నరు. తలరాత కాదు. నలుగురు చెయ్యాల్సిన పనికి ఇద్దర్ని పెట్టి, ఆ ఇద్దరి నోర్లు మూసినోడు రాసిన రాత.

ఆ వారమే శ్రీధర్ కార్ల మా తండాకొచ్చిండు. ఎన్నడు రానోడు వచ్చిండంటే మతలబు ఉంటది. జాల్యా భుజం మీద చెయ్యేసి, "పెద్దాయనా, ఎంక్వైరీకి వచ్చే ఆఫీసరు ముందట ఒక్క మాట చెప్పు. సిస్టర్ మాకు సరిగ్గ చెప్పలేదని. ఆమెను తీసేసినం. నీకు న్యాయం జరిగినట్టే" అన్నడు.

ఆయన పోయినంక అందరం కూడినం. రమేశ్ మండిపోతున్నడు.

"నేనే పోయి చెప్త. చెప్పలేదన్నది అబద్దమా?"

"నిజమే బిడ్డా" అన్నడు జాల్యా. "ఎందుకు చెప్పలేదో గూడ అడుగుతడా ఆ ఆఫీసరు?"

"అడుగకపోతే? మా యాడిని ఎవలు లేపుతరు?"

లేపేటోళ్లు లేరు.

అప్పుడే విజయ వచ్చింది. రమేశ్ ఆమె మీదికి ఉరికిండు. "ఏ మొఖం పెట్టుకొని వచ్చినవ్?" ఇద్దరు పట్టుకున్నరు. ఆమె ఎనుకకు జరుగలే.

"తిట్టు తమ్మీ. చెప్పకపోయింది నేనే. చెమట పడితే, చేతులు వణికితే చక్కెర నోట్లె ఏసుకోమని చెప్పాలె. తినే ఏళ ముందట్నే సూది ఏసుకోమని చెప్పాలె. నోటిదాక వచ్చింది. ఆయన అరిచిండు, నేను భయపడ్డ. నౌకరి పోతదనుకున్న. ఇప్పుడు అదీ పాయె."

జమ్లి లేచింది. రెండు చేతులు ముందటికి చాపింది.

"నీ నోరు వాడు మూసిండు. నా చేతులు ఎవలు కట్టేసిన్రు సిస్టరమ్మా? గీ చేతులతోనే సీస మూత బిగిచ్చిన. నాకు తెల్వక బిగిచ్చిన. రేపు ఇంకొకతి పడుతది. అప్పుడు గూడ నేనే బిగియ్యాల్నా?"

చానసేపు వాదులాడినం. ధర్నా అన్నరు కొందరు, పైసలు అడుగుదామన్నరు కొందరు. ఆఖరికి జమ్లి మాటే నిలిచింది. వార్డుల ఉన్నోళ్లకు చెప్పాలె. అర్థమయ్యేట్టు, మన భాషల చెప్పందే ఎవలు మంచం దిగొద్దు. వాడికి కావాల్సింది ఖాళీ మంచమే కదా.

తెల్లారి విజయను ఎంటబెట్టుకొని పోయినం. జాల్యా రాలే. ఇంటికి తెచ్చిన కమలాబాయికి పుండ్లు పడకుంట ఆమెను పక్కకు తిప్పనీకి మనిషి ఉండాలె.

వార్డుల మాట పాకింది. కొందరు భయపడి ఎల్లిపోయిన్రు. మిగిలినోళ్లు మంచాల మీద బిగిసి కూసున్నరు. శ్రీధర్ వచ్చి, "డిశ్చార్జి అయినోళ్లు లేవున్రి" అన్నడు.

"చెప్పమనున్రి, లేస్తం" అన్నరు ఆడోళ్లు.

"అన్ని కాయితం మీద ఉన్నయ్!"

"కాయితాన్ని చెప్పమను మరి" అన్నది కొమురమ్మ. కేసముద్రం మార్కెట్ యార్డుల ధాన్యం జల్లెడ పట్టే ముసల్ది. ఆమెకు షుగర్ సూది కొత్తగ రాసిన్రు.

విజయ ఆమె కాడ నిలబడి చెప్పుడు షురూ చేసింది. తెలుగుల ఒకసారి, మా భాషల ఒకసారి. జమ్లి ఎనుకనే నిలబడి ప్రతి మాట గట్టిగ అనుకుంట పోయింది. శ్రీధర్ ఫోను చెవికి పెట్టుకున్నడు.

పోలీసులు వచ్చేదాక ఎక్కువసేపు పట్టలే. నౌకరి లేనిది వార్డుల జొరబడ్డదన్నరు, దవాఖాన పని ఆపిందన్నరు. ఇద్దరు ఆడ పోలీసులు విజయ రెక్కలు పట్టి గుంజిన్రు. మేము అడ్డం పోయినం. లాఠీలు లేచినయి. రమేశ్ నుదురు పగిలింది. నిన్న ఆమెను కొట్టబోయినోడు ఇయ్యాల ఆమెకు పడే దెబ్బకు అడ్డం నిలబడ్డడు. అయినా ఆపలేకపోయినం. ఆమెను వ్యాన్ ఎక్కిచ్చిన్రు.

అప్పుడు కొమురమ్మ వచ్చింది. చేతుల మందుల కవరు. మోకాళ్లు పట్టుకొని ఒక్కొక్క మెట్టు దిగి, వ్యాన్ డోరు పట్టుకున్నది.

"ఏ అవ్వా, నీకేం పనే ఈడ?" ఎస్సై కసిరిండు.

"నాకు సగమే చెప్పింది బిడ్డా. మిగిలిన సగం నువ్వు చెప్తవా?"

ఎస్సై టోపీ సర్దుకున్నడు.

"మరి జరుగు." ఆమె ఎక్కి విజయ పక్కన కూసున్నది. ఆమె ఎనుక ఇంకొకామె ఎక్కింది. ఆమె ఎనుక బాలింత, సంకల పసిగుడ్డుతోని. మందుల కవర్లు పట్టుకొని మంచాల మీదోళ్లంత మెట్లు దిగుతున్నరు. వ్యాన్ నిండింది. డోరు పడలే. పట్టనోళ్లు ఠాణ తొవ్వ పట్టిన్రు.

"చెప్పు సిస్టరమ్మా" అన్నది కొమురమ్మ. "ఏడిదాక చెప్పినవ్?"