పేరు రాయించి పంపిస్తామన్న కుర్చీ

ఫ్లెక్సీ కట్టించాలి. ముఖ్య అతిథికి శాలువా తేవాలి, పోయినసారి కప్పింది కాకుండా వేరేది. విలేకరికి భోజనం టోకెను ముందే ఇవ్వాలి. వ్యవస్థాపకుడి ఫోటోకు దండ వెయ్యాలి. నడవలేని మనిషిని ఒకరిని వెతకాలి. కుర్చీ దుమ్ము దులిపి, చక్రాలకు నూనె పెట్టించాలి.

ఆ చివరి పని నా గురించే. నేను ఒక చక్రాల కుర్చీని. గోపన్నగూడెం సేవాజ్యోతి క్లబ్బువారి దానాన్నో, వారి సామానునో చాలాకాలం నాకే తెలియలేదు.

ఒక రేకుల షెడ్డులో ఇనుప గొట్టాలు వంచి, నల్ల రెగ్జిన్ సీటు కుట్టి నన్ను తయారుచేశారు. గొట్టాలు వంచినవాడు చివర్లో నాలో కూర్చుని షెడ్డంతా ఒక చుట్టు తిరిగాడు. "ఎవరికో కాళ్లవుతుంది" అన్నాడు. నేనూ అదే నమ్మి లారీ ఎక్కాను.

క్లబ్బులో ఏటా అధ్యక్షుడు మారతాడు. మారిన రోజున ఒక సేవాకార్యక్రమం చెయ్యాలని నియమం. ఆ కార్యక్రమం నేనే. ఒక ఏడు నన్ను దానం చేసేవారు. ఫోటో అయ్యాక తెచ్చి మైకుసెట్టు గదిలో పడేసేవారు. మరుసటి ఏడు మళ్లీ దానం చేసేవారు. అలా ప్రతిసారీ నా వీపు మీద పాత అధ్యక్షుడి పేరు మీద రంగు పూసి, కొత్తాయన పేరు రాయించేవారు. నేను మోసిన మనుషుల కన్నా ఆ రంగు బరువే ఎక్కువ.

వీళ్లు చెడ్డవాళ్లనుకోకండి. చెడు చెయ్యడానికైనా కాస్త ఓపిక కావాలి. రోడ్డు గుంతలో తట్టెడు మట్టి పోసి, ఒకే పార పట్టుకుని ఫోటో దిగడానికి వరుసలో నిలబడేవాళ్లు వీళ్లు.

ఒక ఏడు నన్ను నడవలేని ఆదెయ్య తాతకు ఇచ్చారు. "పేరు రాయించి రేపు పంపిస్తాం" అని కార్యదర్శి ప్రభాకరంగారు తాతను ఆటో ఎక్కించారు. తాత అరుగు మీద కూర్చుని నాకోసం చూస్తూ చూస్తూ ఆ వానాకాలంలోనే పోయాడు. సంతాపంగా క్లబ్బు ఒక ఫ్లెక్సీ కట్టింది.

మరుసటి ఏడు వాళ్లకు దొరికిన మనిషి తాత పక్కింటి గుబ్బల వీరవేణి. బస్టాపు దగ్గర పునుగుల బండి ఆమెది. ఇంటి కప్పు మీద రేకు సర్దబోయి జారిపడింది, నడుము కింద చచ్చుబడింది. బండి మూతపడి, ఆమె నులకమంచానికి అతుక్కుపోయింది. పొయ్యి కిందికి దింపుకుంటే కూర్చుని అయినా పునుగులు వెయ్యగలదు. అక్కడిదాకా వెళ్లడమే కుదరడం లేదు.

పంచాయతీ హాల్లో ఆమెను నాలో కూర్చోబెట్టారు. ఫోటో తీశారు. ప్రభాకరంగారు వంగి గుసగుసగా అన్నారు.

"దిగమ్మా. వెనకాల పేరు రాయించి రేపు పంపిస్తాం."

"పేరెందుకండీ? నాకు చదువు రాదు."

"నీకోసం కాదమ్మా, రూలు."

"ఆదెయ్య తాతకీ ఇదే చెప్పారండీ. తాత పోయి ఎన్నాళ్లయ్యింది? ఆ రంగింకా ఆర్లేదేటండీ?"

ముందు వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రభాకరంగారు నా పిడి పట్టుకోబోయారు. సరిగ్గా అప్పుడే కొత్త అధ్యక్షుడు మైకందుకున్నాడు. "మన వ్యవస్థాపకులకు నివాళిగా మౌనం పాటిద్దాం. అందరూ లేచి కళ్లు మూసుకోండి."

అందరూ లేచారు. వీరవేణి లేవలేదు కదా, నా బ్రేకు తీసింది.

అంతకుముందు ఏడు నా కిర్రుచప్పుడు ముఖ్య అతిథి ప్రసంగం వీడియోలో పడిందని ఈసారి నూనె దిట్టంగా పోయించారు. వాళ్లు నాకు చేసిన సేవ అదొక్కటే. సడి లేకుండా గుమ్మం దాటాం, వాలు దిగాం. ప్రభాకరంగారు ఒక కన్ను తెరిచి చూశారు. అరిస్తే మౌనం చెడుతుంది, పరిగెత్తితే వీడియోలో పడతారు. మళ్లీ ఆ కన్ను మూసుకున్నారు. అంత భక్తి!

తారురోడ్డు ఎండకు కాలిపోతోంది. వీరవేణి అరచేతులు బొబ్బలెక్కినా చక్రాలు వదల్లేదు. నా పుట్టుకకు అర్థం ఆ రోడ్డు మీద తెలిసింది.

మర్నాడు ప్రభాకరంగారు స్కూటరు మీద బస్టాపుకు వచ్చారు. కింద పొయ్యి, మీద మూకుడు, ఎదురుగా నాలో ఆమె, చుట్టూ జనం.

"అమ్మా, ఆ కుర్చీ..."

"ఇచ్చేశామని పేపర్లో ఏయించారంట కదండీ. తీసుకెళ్లిపోతే అదీ ఏయిస్తారేటి?" అంది వీరవేణి, చిల్లుల గరిట మూకుడులోంచి తియ్యకుండానే. "పునుగులు ఏడేడిగా ఉన్నాయి. తింటారా?"

జనం నవ్వుతుంటే ఆయన తిన్నారు. తిని వెళ్లిపోయారు.

నడవలేనివాళ్లు కూడా పారిపోగలరని క్లబ్బుకు అప్పుడే తెలిసింది. మరుసటి ఏడు బస్టాపు దగ్గర నేలలో పాతిన సిమెంటు బల్ల దానం చేశారు, దాని నిండా తమ పేర్లు చెక్కించి. జనం ఆ పేర్ల మీదే కూర్చుని వీరవేణి పునుగులు తినేవారు.

చాలా ఏళ్లు ఆమెను మోశాను. ఆమె పోయింది. నా ఇరుసు విరిగి, పాత ఇనుప సామాన్ల కొట్టు వెనక పడి ఉన్నాను. ఎండకు వీపు మీది అధ్యక్షులు ఒక్కొక్కరే పెచ్చులుగా రాలిపోతున్నారు. వాళ్ల గురించి నాకు బెంగ లేదు, బల్ల మీద ఉన్నారు. నన్ను ఆమెకు దానం చేసిన వార్తలో శాలువా తెచ్చినాయన పేరు కూడా వేసి, ఆమెను మాత్రం "ఒక వికలాంగురాలు" అని రాశారు. నా మీదా ఆమె పేరు ఎవరూ రాయించలేదు. మీరైనా గుర్తుపెట్టుకోండి. గుబ్బల వీరవేణి. బస్టాపు దగ్గర పునుగులు వేసేది.