పేరు పెట్టి ప్రార్థన

"ఉల్లిపాయలు కాస్త సన్నగా తరుగమ్మా, పాస్టరు గారికి ముక్క తగలకూడదు" అంది ఎలీసమ్మ, కోడలి భుజం మీదుగా గిన్నెలోకి తొంగిచూసి. నిఖిత సన్నగానే తరుగుతోంది. ఈ శుక్రవారం గృహ ప్రార్థన వంతు రాజోల్లో వాళ్లింటిది. సంఘంలో సగంమంది వస్తారు, వచ్చినవాళ్లు భోంచేసి గానీ వెళ్లరు. ఆమెకి కళ్లు మండుతున్నాయి. ఉల్లిపాయల వల్లే అనుకుంటారు చూసినవాళ్లు, అనుకోనీ.

మధ్యాహ్నం రామ్మూర్తి గారు ఫోన్ చేశారు. అమలాపురం కాలేజీలో ఆమె బయోకెమిస్ట్రీ చెప్పే డిపార్ట్‌మెంట్‌కి ఆయనే హెడ్. "రేపటి ఇంటర్వ్యూలో నీ ప్రాజెక్టుకి పెద్దగా నా పేరుంటే బాగుంటుందమ్మా. పరిశోధనకి తొలి నిధి ఇచ్చేవాళ్లు నిలకడ చూస్తారు. నువ్వేమో రేప్పొద్దున్న పిల్లలంటావు, అత్తగారికి బాగోలేదంటావు. నాకు సాయంగా ఉందువుగాని. ల్యాబు తాళాలు ఎలాగూ నా దగ్గరే కదా! సాయంత్రం ప్రార్థన అయ్యేసరికి మళ్లీ ఫోన్ చేస్తాను, ఊ అనేస్తే రాత్రికే పేరు మార్పించేద్దాం." అలవాటు కొద్దీ 'ఆయ్' అని నోటిదాకా వచ్చేసింది. అదృష్టం బాగుండి పోపు మాడింది. "పొయ్యి మీద ఉందండి" అని పెట్టేసింది.

అప్పట్నుంచీ ఆమె కాలు ఒకచోట నిలవడం లేదు. అల్లం కోసం వెళ్లి అలమర ముందు నిలబడిపోతోంది. ఉప్పు వేసిందో లేదో గుర్తు లేదు. కిడ్నీలో కేన్సర్ మొదలైనప్పుడు నొప్పి ఉండదు, గడ్డ ఎదిగేదాకా మనిషికి తెలియనే తెలియదు. ఆ గడ్డ ముక్కల్లో ఆమెకి ఒక ప్రోటీను కనిపించింది. అదే ప్రోటీను రోగి మూత్రంలోనూ దొరికితే, రాజోలు ఆస్పత్రిలోనే చిన్న పరీక్షతో ముందుగా పట్టుకోవచ్చు. దొరుకుతుందో లేదో తేల్చుకోవడానికే ఆ తొలి నిధి. అది రాకపోతే ఇన్నాళ్ల ఊహ ఊహగానే మిగిలిపోతుంది. వచ్చి, ఇంకొకరి పేరు మీద నడిస్తే? అప్పుడు తనేమిటి? ఉల్లిపాయలు తరిగే మనిషి, అంతే కదా!

ఆమెకి పోలయ్య గుర్తొచ్చాడు. మామిడికుదురులో కొబ్బరి దింపు తీసే మనిషి. కాకినాడలో అతనికి ఆపరేషన్ చేసి కిడ్నీ తీసేశారు. అంతకుముందు ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర వేస్తూ, "నాకెలాగూ ఆలీసమైపోనాదమ్మా, ఆ ముక్కేదో పట్టుకెళ్లండి, ఇంకోడికన్నా పనికొత్తాది" అన్నాడు. ముక్కని కాకినాడ నుంచి ల్యాబుదాకా చల్లగా తేవాలి. అందుకని నిఖిత ముందురోజే ఐసు ప్యాకెట్లు ఫ్రీజర్లో గడ్డకట్టించింది. తెల్లారి తలుపు తీస్తే ఏముంది, ఫ్రీజరు నిండా పండుగప్ప! ప్యాకెట్లు గట్టు మీద నీరుకారి పడున్నాయి. "ఆ నీలం సంచులేంటో, చేపలకి చోటు లేకుండా చేసేయి. తీసి పక్కన పెట్టేను" అంది ఎలీసమ్మ. ఆవిడ తప్పేముంది? ఆ ఇంట్లో ఫ్రీజరంటే చేపలదే, కోడలి చదువుది కాదు. నిఖిత ఏడవలేదు. రొయ్యల ఐసు ఫ్యాక్టరీకి పరిగెత్తి ఐసు నుజ్జు కొట్టించుకుని, థర్మోకోల్ పెట్టె ఒళ్లో పెట్టుకుని బస్సెక్కింది. ముక్క పాడవకుండా వచ్చింది. వారం తర్వాత మీటింగులో రామ్మూర్తి గారు, "ఐసు విషయంలో మేం చాలా చాకచక్యంగా వ్యవహరించేం" అన్నారు. మేమట!

"పేరులో ఏముందే, పని జరగడం ముఖ్యం" అంటాడు ఆమె భర్త శ్యామ్ బాబు. అతను హైస్కూలు మాస్టారు. తన పేరు ముందు 'శ్రీ' లేదని పెళ్లి శుభలేఖలు మళ్లీ అచ్చు వేయించిన మహానుభావుడు.

పాటలయ్యాయి, బైబిలు వాక్యమయ్యింది. దానం పాస్టరు గారు ప్రార్థన మనవులు అడిగారు. ఒకరికి మోకాళ్ల నొప్పి, ఒకరి కూతురికి ఉద్యోగం. ఇంటివాళ్ల వంతు రాగానే శ్యామ్ బాబు లేచాడు. "రేపు మా ఆవిడ వాళ్ల హెడ్డు గారి ప్రాజెక్టుకి ఇంటర్వ్యూ అండి. అది సక్సెస్ అవ్వాలని ప్రార్థన చెయ్యండి. మా ఆవిడ కూడా సాయం చేస్తోందండి."

నిఖిత గరిటెతోనే వంటింటి గుమ్మంలోకి వచ్చింది. ఆమె ఏటా తన వంతుకి "అందరి ఆరోగ్యం కోసమండి" అని కూర్చునే మనిషి. సంఘం ముందు చెప్పిన మనవిని వెనక్కి తీసుకోవడం ఆ ఊళ్లో ఎరగరు. వచ్చే శుక్రవారం ప్రతివాళ్లూ ఆపి మరీ అడుగుతారు, ఏమైందమ్మా అని. ఆ సంగతి తెలిసే నోరు విప్పింది.

"అది హెడ్డు గారిది కాదండి, నా ప్రాజెక్టండి. రేపు మాట్లాడేది నేనేనండి. నా కోసం ప్రార్థన చెయ్యండి."

శ్యామ్ బాబు చాప కేసి చూస్తున్నాడు. పాస్టరు గారు సర్దుకుని కళ్లు మూశారు. అందరూ మూశారు, నిఖిత తప్ప.

"ప్రభువా, మా సహోదరుడు శ్యామ్ బాబు గారి సతీమణి చేపట్టిన కార్యాన్ని..."

"నిఖిత అండి" అంది.

పాస్టరు గారు కళ్లు తెరిచి చూశారు. ముందువరసలో ఎలీసమ్మ కళ్లు తెరవకుండానే విసుక్కుంది. "పేరు పెట్టి చేసేయండి పాస్టరు గారూ, కూర చల్లారిపోతోంది."

ఆయన పేరు పెట్టి చేశారు. 'ఆమేన్' అన్నారో లేదో వంటింట్లో ఫోన్ మోగింది.

"ఏమ్మా, మార్పించేద్దామా మరి?" అన్నారు రామ్మూర్తి గారు.

"ఇంక కుదరదండి" అంది నిఖిత. "ఇప్పుడే మా సంఘమంతా నా పేరుతో ప్రార్థన చేసేసేరండి."