మంగాయమ్మ గొంతు నాలో ఉంది

నేను ఒక హార్డ్ డిస్క్‌ని. అరచేతిలో ఇమిడే నల్లడబ్బాని. ఏ ఫ్యాక్టరీలో పుట్టానో, నా వీపు మీది అక్షరాలు అరిగిపోయాక నాకే గుర్తులేదు. తొమ్మిదేళ్లుగా స్టూడియోల మధ్య తిరగడమే నా బతుకు. ఒకరి సాఫ్ట్‌వేర్‌లో చేసిన పని ఇంకొకరి దాంట్లో సరిగా తెరుచుకోదు. తిట్లు మాత్రం నాకు. విసుగొచ్చేసింది.

నా యజమాని రాంపండుకి రాజమండ్రిలో చిన్న రికార్డింగ్ స్టూడియో ఉంది. పోయిన వేసవిలో మంగాయమ్మ అక్కడికొచ్చింది. నలభై ఏళ్లుగా వరినాట్ల పాటలు పాడుతున్న మనిషి. గొంతు జబ్బుకి రెండు రోజుల్లో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేస్తారు.

"కంగారు లేదండి పిన్నిగారూ, మంచినీళ్లు తాగి మొదలెడదాం," అన్నాడు రాంపండు.

"ఎల్లుండి నుంచి ఎలాగూ ఉండదు కదా బాబూ. ఇయ్యాలే పాడించేసుకో," అందామె.

వాద్యాలేమీ లేకుండా ఒక్క పాట పాడింది. అది నాలో చేరింది. అంత భయంగా నేను ఇంకేదీ మోయలేదు.

వాద్యాలు కలపడానికి నన్ను హైదరాబాద్‌లో ఒక స్టూడియోకి పంపారు. రాంపండు శబ్దాన్ని సెకనుకు నలభై ఎనిమిది వేల సార్లు కొలిచి రికార్డు చేస్తాడు; అక్కడివాళ్లు నలభై నాలుగు వేల వంద సార్లే. మార్చకుండా వాడితే గొంతు నెమ్మదించి కిందికి దిగిపోతుంది. ఆ సంగతి చీటీ మీద రాసి, నాతోపాటు పూతరేకుల డబ్బాలో పెట్టాడు. గోదావరివాళ్లు ఉత్త చేతులతో ఏదీ పంపరు మరి. అక్కడివాళ్లు నన్ను తీసి, పూతరేకులు తిని, డబ్బాని చీటీతో సహా చెత్తబుట్టలో వేశారు. మార్చాలా అని సాఫ్ట్‌వేర్ అడిగింది కూడా. ఇంజనీరు శశిధర్ చదవకుండానే వద్దని నొక్కాడు.

పాట వినిపించింది. అది మంగాయమ్మ గొంతులా లేదు.

"రాజమండ్రికి ఒకసారి ఫోన్ చేద్దామా?" అన్నాడు సంగీత దర్శకుడు.

"ఎందుకన్నా. జబ్బు మనిషి కదా, గొంతు బరువైనట్టుంది. ఫోన్ చేస్తే మనకేం తెల్వదనుకుంటరు," అన్నాడు శశిధర్.

పాపమని జాలిపడి, ఆ గొంతుకు తగ్గట్టు వయొలిన్ల శ్రుతి దించారు. జాలికి బదులు ఒక్క ఫోన్ చేసి ఉంటే సరిపోయేది. నాకా నోరు లేదు.

మూడు నెలలకు పూర్తయిన పాటతో నేను తిరిగొచ్చాను. మంగాయమ్మ మెడకు గుడ్డ చుట్టుకుని, భర్త సూరన్నతో వచ్చింది. పాట చివరిదాకా విని, పలక మీద రాసింది: "గొంతు ఆ రోజుకే పోయిందన్నమాట."

రాంపండు గబుక్కున లేచాడు. "లేదండి పిన్నిగారూ, మీరు పాడింది ఇలా లేదు," అంటూ నన్ను తన కంప్యూటర్‌కి తగిలించాడు. వయసు మీదపడి ఈమధ్య మొరాయిస్తున్నాను. ఆ పూట మాత్రం ఒళ్లు దగ్గరపెట్టుకున్నాను.

అసలు గొంతు వచ్చింది. నాట్ల పాటలో ఒకరు ఎత్తుకుని, మిగతావాళ్లు అందుకోవడానికి కాస్త ఆగుతారు. ఆమె ఆగిన చోటల్లా హైదరాబాద్‌వాళ్లు వయొలిన్లు నింపారు. ఇప్పుడు అక్కడ ఏమీ లేదు. రెండో చరణం దగ్గర సూరన్న తనకు తెలియకుండానే అందుకున్నాడు. శ్రుతి తప్పాడు. మంగాయమ్మ పలక పక్కన పెట్టి, అతని మోచేతి మీద ఒక్కటేసింది.