అక్క గొంతు

గాజు గదిలో కూర్చుని, హాల్లో దేశదేశాల పెద్దలు మాట్లాడే మాటలను తన పుట్టింటి భాషలోకి మార్చి చెప్పడం ఆమె ఉద్యోగం. సొంత మాట ఒక్కటీ కలపకూడదు. ఆమె గొంతు రేడియోలో పుట్టిన ఊరిదాకా వెళుతుంది. తమ్ముడు పెళ్లాంపిల్లలతో అక్కడే ఉన్నాడు. చుట్టుపక్కల ఊళ్లను తగలబెట్టిన మూక ఇప్పుడు ఆ ఊరి మీదికి వస్తోంది.

పోయిన వారం ఒక దేశ ప్రతినిధి గుండె మీద చెయ్యేసుకుని, "మిమ్మల్ని గాలికి వదిలెయ్యం. మా సైనికులు వస్తున్నారు. ఎవరూ ఊరు విడవొద్దు" అన్నాడు. ఆయన ఆవేశం కూడా తన గొంతులో పలికించి మరీ చెప్పిందామె. పని మీద అంత శ్రద్ధ!

ఆ సాయంత్రమే తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, రేడియోలో విన్నామే! కట్టిన మూటలు విప్పేశాం."

"ఒరేయ్, అది నా మాట కాదురా. ఆయన చెప్పింది అప్పజెప్పానంతే."

"తెలుసులేవే. కానీ నీ నోట అబద్ధం వస్తే నాకు తెలీదా? చిన్నప్పుడు పలక పగలగొట్టి, తప్పు పిల్లి మీదికి నెట్టినప్పుడు ఎంత తడబడ్డావు! ఈసారి గుక్క తిప్పుకోకుండా చెప్పావు."

ఆమె నవ్వేసింది. ఆయన మాట ఆమె కూడా నమ్మింది మరి. "అయితే ఉండండిరా" అంది.

ఇవాళ మళ్లీ సమావేశం. కడుపులో చల్ల కదలకుండా కూర్చున్న పెద్దలంతా, అమాయకుల ప్రాణాలు కాపాడే బాధ్యత ప్రపంచానిదే అని ముక్తకంఠంతో ఒప్పుకున్నారు. ఒప్పుకోవడంతోనే ఆ బాధ్యత తీరిపోయినట్టుంది. సైన్యం ఎవరు పంపాలి అనేసరికి అందరూ నీళ్లు నమిలారు. చివరికి పోయిన వారం గుండె మీద చెయ్యేసుకున్న పెద్దమనిషే లేచాడు.

"ప్రస్తుతానికి సైనికులను పంపలేం. ప్రజలు వెంటనే ఊరు ఖాళీ చెయ్యాలి."

ఆమె నోరు తెరిచింది. "ప్రస్తుతానికి..." మాట పెగల్లేదు. మళ్లీ మొదలుపెట్టి, తడబడుతూ, ఎలాగో పూర్తి చేసింది. పక్క కుర్చీలోని సహోద్యోగి నీళ్ల గ్లాసు ఇటు జరిపి, మైకు తన వైపు తిప్పుకున్నాడు. ఆమెకు ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు. గ్లాసు అంచున ఎవరిదో వేలిముద్ర కనిపిస్తే రుమాలుతో తుడిచింది.

విరామంలో వరండాలోకి వచ్చి ఫోన్ చూసుకుంది. తమ్ముడు గొంతు రికార్డు చేసి పంపాడు. వెనక పిల్లల నవ్వులు.

"అక్కా, విన్నాను. బాగా తడబడ్డావే! అచ్చం పలక పగిలిన రోజులాగే. ఊరు విడిచి పొమ్మన్నది ఆ మూకను ఏమార్చడానికే కదూ? ఇక్కడ అందరూ మూటలు సర్దేస్తుంటే, ఆగండయ్యా, మా అక్క అబద్ధం చెబితే నాకు తెలుసు, సైనికులు వస్తున్నారు అని ఆపేశాను. మా వీధిలో ఎవరూ కదల్లేదు."

ఆమె ఫోన్ చేసింది. మోగలేదు. మళ్లీ చేసింది. మోగలేదు. "మీ వంతు వచ్చింది" అని సహోద్యోగి గాజు తలుపు తట్టాడు.

లోపలికి వెళ్లి కూర్చుని మైకు తన వైపు తిప్పుకుంది. సభాధ్యక్షుడు అందరి సహకారానికీ ధన్యవాదాలు చెబుతున్నాడు. ఆమె ఒక్క అక్షరం కూడా తడబడకుండా చెప్పింది.