కూలబడ్డ బండి

మా తమ్ముడికి నా పికప్ బండంటే పడదు. అది పొగ కక్కుతుంది, పక్క సీటు తలుపు లోపల్నుంచి తెరుచుకోదు, వెనక భాగం కూలబడి ఉంటుంది. ఇవేవీ నాకు తెలియనివి కావు. అయినా ఆ బండితోనే అద్దాలు మోసి ఇల్లు నడుపుకున్నాను. అద్దాల కొట్టులో కోసిన కిటికీ అద్దాలు, నిలువుటద్దాలు చెక్క చట్రానికి ఆనించి, మధ్యలో పాత దుప్పట్లు దూర్చి, తాళ్ళతో బిగించి ఊరంతా చేరవేస్తాను. ఇన్నేళ్ళలో ఒక్కటంటే ఒక్కటి పగల్లేదు. ఈ మాట అడిగినవాళ్ళకూ చెబుతాను, అడగనివాళ్ళకూ చెబుతాను.

మా ఆయన పోయాక వాళ్ళింట్లోనే ఉంటున్న నన్ను కనిపెట్టుకుని ఉండాల్సింది తనేనని తమ్ముడి నమ్మకం. కనిపెట్టుకుని ఉండడమంటే ఇంట్లో కూర్చోబెట్టడమని వాడికి ఎవరు చెప్పారో మరి.

"ఈ వయసులో నీకెందుకక్కా ఈ తిప్పలు? బండి అమ్మేసి మా పిల్లలతో హాయిగా ఉండొచ్చుగా."

"పిల్లలకి నేను కావాలా, నీ ఇంటికి కాపలా కావాలా?"

"నీకు చెప్పడం నాదే బుద్ధితక్కువ."

"తెలిసిందిగా, ఇంక మాట్లాడకు."

అంతలో పొగ మరీ ఎక్కువైంది. మెకానిక్ బానెట్ ఎత్తి చూసి పెదవి విరిచాడు. "ఇంజన్ దింపాలమ్మా. బాగు చేయించుకుంటారో, అమ్ముకుంటారో తేల్చుకోండి. ఇలాగే తిప్పితే మాత్రం ఏదో ఒకరోజు నడిరోడ్డు మీద నిలబెడుతుంది."

"ఇంకా తేల్చేదేముంది?" అన్నాడు తమ్ముడు.

నాకు ఒళ్ళు మండింది. "నా చేతిలో ఒక్క అద్దం పగలనీ, ఆరోజే తాళాలు నీకిచ్చేస్తా. అప్పటిదాకా అమ్మడమన్న మాటెత్తావంటే ఊరుకోను" అన్నాను.

ప్రస్తుతానికి పొగ తగ్గేలా చూస్తానని మెకానిక్ బండిని షెడ్డులో ఉంచుకున్నాడు. దాన్ని తమ్ముడే వెళ్ళి తెచ్చాడు. నా బండి ముట్టుకోవడమే పాపమన్నట్టుండే మనిషి అంత ప్రేమగా ఎందుకు తెచ్చాడో అప్పుడే అనుమానం రావలసింది. రాలేదు.

మర్నాడు ఒక సెలూన్‌కి గోడంత అద్దం పట్టుకెళ్ళాలి. కొట్టు యజమానీ నేనూ చెరోవైపు పట్టుకుని ఎత్తాం. ఎప్పుడూ నా నడుముకి తగిలే బండి పక్క పలక అంచు ఆరోజు ఇంకా పైకి తగిలింది. వయసు మీద పడితే మనిషి కుంగిపోతుందని విన్నాను. నా వంతూ వచ్చిందనుకుని మనసు చివుక్కుమంది.

సెలూన్ వీధి మొదట్లో పైపుల కోసం తవ్వి, సరిగా పూడ్చకుండా వదిలేసిన చోటొకటుంది. దాన్ని ఎప్పటిలాగే నెమ్మదిగా దాటించాను. బండి ఎగిరిపడింది. వెనక టక్కుమంది. ఆ చప్పుడు అంతకుముందెప్పుడూ విననిదే, అయినా ఏమిటో వెంటనే తెలిసిపోయింది.

అద్దం ఈ మూల నుంచి ఆ మూలకి చీలింది.

"మీ చేతిలో పగలదని చెప్పారుగా!" అన్నాడు సెలూన్ ఆయన.

ఇంటికి వచ్చి తాళాలు తమ్ముడి ముందు పెట్టాను. వాడు ఎగతాళి చేస్తే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. వాడేమో జాలిపడ్డాడు. "పోనీలే అక్కా. చేతులు ఎన్నాళ్ళని ఒకేలా ఉంటాయి?" అన్నాడు. మరదలు నా గ్లాసులో ఇంకాస్త టీ పోసింది. ఆ జాలికే నాకు ఏడుపొచ్చింది. గదిలోకి పోయి చేతులు చాపి చూసుకున్నాను, వణుకుతున్నాయేమోనని. వణుకుతున్నట్టే అనిపించింది.

కొనే మనిషి మర్నాడే వస్తాడన్నారు. పొద్దున్నే నా తాళ్ళూ దుప్పట్లూ తీసుకుందామని బండి దగ్గరికెళ్ళాను. వెనక పలక దించి, దానిమీద కూర్చుని తాళ్ళు చుట్టడం నాకు అలవాటు. కూర్చుంటే పాదాలు నేలకి ఆనుతాయి. ఆరోజు గాల్లో వేలాడాయి.

నేను కుంగితే కుంగాను, కాళ్ళు కూడా పొట్టివైపోయాయా?

దిగి, చీర కొంగు బిగించి, బండి కిందికి దూరాను. వెనక చక్రాల మీద బరువు మోసే కమాను పట్టీలు నల్లరంగుతో నిగనిగలాడుతున్నాయి. కుంగింది నేను కాదు, లేచింది బండి.

నా కేకకి తమ్ముడు నోట్లో బ్రష్షుతోనే పరిగెత్తుకొచ్చాడు.

"ఇవెక్కడివిరా?"

"కొత్తవి వేయించానక్కా. వెనక అలా కూలబడి ఉంటే కొనేవాడు దగ్గరికి కూడా రాడని..."

"నాతో చెప్పకుండా?"

"చెబితే ఒప్పుకుంటావా?"

వాడి జేబులోంచి తాళాలు లాక్కుని, వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, తిన్నగా షెడ్డుకి పోనిచ్చాను. పాత పట్టీలు తుక్కు కుప్పలో పడున్నాయి. "అవి పూర్తిగా చప్పబడిపోయాయమ్మా, ఒకటి విరిగింది కూడా" అన్నాడు మెకానిక్. "కొత్తవి గట్టివి. ఎంత బరువైనా మోస్తాయి. తేలిక సరుకేస్తే మాత్రం బండి ఎగిరెగిరి..." అంటూ నా మొహం చూసి ఆగిపోయాడు.

ఇన్నేళ్ళూ నా చేతి నేర్పనుకున్నదాంట్లో సగం ఆ తుప్పు పట్టిన ఇనుముదన్నమాట. నేను కొట్టిన గొప్పలన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. అదీ కాసేపే. సగం దానిదైతే మిగతా సగం నాదే కదా!

"విరిగింది తప్ప మిగతా పాతవన్నీ మళ్ళీ బిగించు. ఇంజన్ దింపి బాగుచెయ్యి. బండి అమ్మడం లేదు" అన్నాను.

తమ్ముడు నసిగాడు. "మరి నువ్వన్న మాట..."

"నా చేతుల మీద అన్నాను. నీ పట్టీల మీద కాదు."

ఆ సమయానికే కొనే మనిషి ఇంటి దగ్గర అడిగి, షెడ్డు వెతుక్కుంటూ వచ్చాడు. బండి చుట్టూ తిరిగి, "పాతదే అయినా వెనక భాగం భలే నిటారుగా ఉందండీ!" అన్నాడు.

"అందుకే విప్పించేస్తున్నాం" అన్నాను. ఆయన తమ్ముడి వంక చూశాడు. తమ్ముడు నేల చూపులు చూశాడు.

ఇంజన్ తయారయ్యాక సెలూన్ ఆయన కోసం అలాంటి అద్దమే మళ్ళీ ఎక్కించాను. ఈసారి తమ్ముణ్ణి పక్క సీట్లో కూర్చోబెట్టాను. నిజం చెప్పాలంటే నాకు భయంగానే ఉంది. ఇది కూడా పగిలితే ఇంక నెపం వెయ్యడానికి ఏ పట్టీలూ లేవు. తవ్విన చోటు వచ్చింది. వాడు ఊపిరి బిగబట్టాడు. బండి మెల్లగా కుంగి, మెల్లగా లేచింది. వెనక ఏ చప్పుడూ లేదు.

సెలూన్ ముందు ఆపి, దిగి, దుప్పటి తొలగించి చూశాను. అద్దం నిక్షేపంలా ఉంది. అప్పుడు వాడి తలుపు దగ్గరికి వెళ్ళి, పిడి మీద చెయ్యేసి నిలబడ్డాను.

"బండి అమ్మమని మళ్ళీ అంటావా?"

"అననక్కా. తలుపు తియ్యి."

"నా చేతులు పాతబడ్డాయని?"

"అననన్నాగా, తియ్యి తల్లీ!"

తీశాను. "రా, అటువైపు పట్టుకో" అన్నాను. ఇద్దరం అద్దం ఎత్తాం. వాడి చేతులు వణికాయి. నావి వణకలేదు.